రాత్రయితే 200 ఎంబీపీఎస్ కనెక్షన్ 6కు పడిపోతోంది. నాలుగు ఫిర్యాదులనూ ‘పరిష్కరించాం’ అని మూసేశారు

కాకినాడ తెలుగు టీచరు | జూన్ 14, రాత్రి 10:50

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉద్యోగ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయురాలిని. వారం మధ్యలో రాత్రి ఏడున్నరకు మస్కట్‌లో ఉన్న ఇద్దరు పిల్లలకు, శని ఆదివారాల్లో రాత్రి తొమ్మిదికి ఇంగ్లండులో ఉన్న ఐదుగురు పిల్లలకు ఇంటి నుంచే తెలుగు చెబుతున్నాను. మా ఇంట్లో ఉన్నది 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. నెలకు ఏడు వందల రూపాయలు, దాని మీద పద్దెనిమిది శాతం పన్ను, మొత్తం 826 రూపాయలు గడువుకు ముందే కడుతున్నాను.

ఏప్రిల్ చివరి వారం నుంచి రాత్రి ఏడు దాటితే పాఠం సాగడం లేదు. నిన్న ఒక పాప వేమన పద్యం అప్పజెబుతుంటే రెండో పాదం దగ్గర బొమ్మ నిలిచిపోయింది. నేను మళ్లీ చెప్పమన్నాను, ఆ పాప మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారికి ఆ పాప ముఖం చిన్నబోయింది. తప్పు తనదే అనుకుంది. అది చూశాక ఇక ఊరుకోకూడదనిపించింది.

వేగం కొలిచి చూస్తే ఉదయం 40 నుంచి 60 దాకా, రాత్రి 5 నుంచి 7 దాకా వస్తోంది. ఏడు వారాల్లో నాలుగు ఫిర్యాదులు ఇచ్చాను. రెండుసార్లు ఒక అబ్బాయి మధ్యాహ్నం పూట వచ్చి, రౌటరు ఆపి మళ్లీ వెలిగించి, తన ఫోనులో వేగం చూపించి, నా ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి తీసుకుని వెళ్లిపోయాడు. మిగతా రెండుసార్లు ఎవరూ రాకుండానే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని సందేశం వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎవరిని ఏమని అడగాలో తెలిసినవారు చెప్పగలరు.

---

మేడ మీది గది | జూన్ 14, రాత్రి 11:20

టీచరు గారూ, నాకు తెలిసినంతలో ఇది వైఫై సమస్య కావచ్చు. రాత్రిపూట చుట్టుపక్కల ఇళ్లలో అందరి రౌటర్లూ పనిచేస్తాయి కాబట్టి వైఫై తరంగాల 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో రద్దీ పెరుగుతుంది. రౌటరు సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్‌కు మారి చూడండి. డీఎన్ఎస్ (వెబ్‌సైటు పేరుకు చిరునామా వెతికిపెట్టే సేవ) మార్చినా కొంత ఫలితం ఉంటుందని విన్నాను.

---

తీగ పట్టిన చెయ్యి | జూన్ 15, ఉదయం 6:05

నేను ఏలూరు దగ్గర పదకొండేళ్లుగా ఫైబర్ లైన్ల పని చేస్తున్నాను. పైన తమ్ముడు చెప్పిన వైఫై మాట పరిశీలించదగినదే, కానీ డీఎన్ఎస్ మారిస్తే పేజీ తెరుచుకోవడం మొదలయ్యే సమయం కొద్దిగా తగ్గవచ్చునే తప్ప, 6 వచ్చే లైనులో 200 రాదు.

అమ్మా, ముందుగా ఒక పని చేయండి. ఫోనుతో కొలిచిన వేగాన్ని పక్కన పెట్టండి. లాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రౌటరుకు కలిపి, ఇంట్లో మిగతా ఫోన్లూ టీవీ వైఫై నుంచి తీసేసి, ఉదయం ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి తొమ్మిదికి మూడు రోజులు కొలిచి ఒక కాగితం మీద రాయండి. కేబుల్ మీద బాగుండి వైఫైలో బాగుండకపోతే లోపం మీ ఇంట్లోదే. కేబుల్ మీద కూడా బాగుండకపోతే లోపం ఎక్కడుందో వెతకడానికి దారి దొరుకుతుంది. మా వాళ్లు మధ్యాహ్నం వచ్చి ఫోనులో చూపించే వేగానికి విలువ లేదని మా వృత్తిలో ఉన్నవాడిగానే చెబుతున్నాను. లోపం రాత్రిది అయినప్పుడు పరీక్ష కూడా రాత్రే జరగాలి.

---

గుంటూరు నుంచి డాలస్ | జూన్ 15, ఉదయం 7:40

మా అమ్మానాన్నలు గుంటూరులో ఉంటారు, నేను ఇక్కడి నుంచి వాళ్ల కనెక్షన్ కోసం ఏడాదిగా ఫిర్యాదులు చేస్తున్నాను కనుక ఓటీపీ గురించి గట్టిగా చెప్పదలచుకున్నాను. ఆ ఓటీపీ ఇవ్వడమంటే ‘నా సమస్య తీరింది’ అని మీరు సంతకం చేసి ఇచ్చినట్టే లెక్క. మా నాన్నగారు మొహమాటం మనిషి. వచ్చిన కుర్రవాడు ఎండలో తిరుగుతున్నాడని మజ్జిగ ఇచ్చి, దానితోపాటే ఓటీపీ కూడా ఇచ్చేవారు. అలా ఆరు ఫిర్యాదులు మూసుకుపోయాయి. ఏడోసారి మాత్రం ‘బాబూ, రాత్రి తొమ్మిదికి సరిగ్గా ఉందో లేదో చూసి రేపు ఉదయం చెబుతాను’ అని మర్యాదగానే అన్నారు. ఆ మాటకే పై స్థాయి వాళ్ల నుంచి ఫోను వచ్చింది.

---

కాకినాడ తెలుగు టీచరు | జూన్ 18, రాత్రి 9:35

చెప్పినట్టే మూడు రోజులు కొలిచాను. మా మనవడి లాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపాను. ఉదయం ఆరుకు 94, 94, 93. మధ్యాహ్నం 94, 71, 94. రాత్రి తొమ్మిదికి 6, 5, 8. ఉదయం అంకె ఒక్కసారి కూడా 94 దాటకపోవడం నాకు వింతగా తోచింది. ఇంకొకటి కూడా గమనించాను. మధ్యాహ్నం 71 వచ్చిన రోజు పరీక్ష మధ్యలో రెండు క్షణాలు పూర్తిగా ఆగిపోయింది.

---

ప్యాకెట్ల లెక్క | జూన్ 18, రాత్రి 10:15

నేను హైదరాబాదులో నెట్‌వర్కు ఇంజినీరుగా పనిచేస్తున్నాను. టీచరు గారూ, మీరు వింతగా ఉందన్న ఆ 94 చాలా విషయం చెబుతోంది. 100 ఎంబీపీఎస్ వేగంతో కుదిరిన కేబుల్ మీద ప్రతి ప్యాకెట్ వెంట వెళ్లే శీర్షికల (చిరునామా వివరాల) భారం పోగా మిగిలేది సరిగ్గా 94 లేదా 95. అంటే ఫైబర్ పెట్టె నుంచి మీ లాప్‌టాప్ దాకా ఉన్న దారిలో ఎక్కడో ఒకచోట లింకు 100 దగ్గరే ఆగిపోతోంది. లాన్ కేబుల్‌లో ఎనిమిది సన్నని తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి నాలుగు జతలూ కావాలి. రెండు జతలే కలిపినా కేబుల్ పనిచేస్తుంది, కానీ 100 దాటదు.

గోడ మీది ఫైబర్ పెట్టె, రౌటరు వేరువేరుగా ఉంటే వాటి మధ్యనున్న కేబుల్ మొనను వెలుతురులో చూడండి. ఆ ప్లాస్టిక్ మొన పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపలి రంగులు కనిపిస్తాయి. అయితే ఇది ఉదయపు 94కు మాత్రమే కారణం. రాత్రి 6కు ఇది కారణం కాదు. మీ ఇంట్లో ఒకటి కంటే ఎక్కువ లోపాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయని నా అనుమానం.

---

కాకినాడ తెలుగు టీచరు | జూన్ 20, ఉదయం 8:10

మీరు చెప్పింది అక్షరాలా నిజం. కిటికీ దగ్గర ఎండలో పట్టుకుని భూతద్దంతో చూశాను. నారింజ జత, ఆకుపచ్చ జత మాత్రమే రాగి రేకుల దాకా వెళ్లాయి. నీలం, గోధుమరంగు జతలను మొన బయటే కత్తిరించి వెనక్కి మడిచారు. మొదట బిగించిన నాటి నుంచీ అది అలాగే ఉంది. మసీదు సెంటరులో ఒక మీటరు పొడవున్న కొత్త కేబుల్ కొని మార్చాను. ఈ ఉదయం 188 వచ్చింది. రెండేళ్లుగా నేను 200కు డబ్బు కట్టి 94 వాడుకున్నానన్నమాట, ఆ సంగతి బాధగానే ఉంది. ఇక నిన్న రాత్రి వేగం మాత్రం 7.

---

తీగ పట్టిన చెయ్యి | జూన్ 20, ఉదయం 9:00

ఒక గండం గడిచింది అమ్మా. ఇప్పుడు కాంతి చూడాలి. ఫైబర్ పెట్టె సెట్టింగుల పేజీలో ‘ఆర్ఎక్స్ పవర్’ అనే అంకె ఉంటుంది. అది పెట్టెకు చేరుతున్న కాంతి బలం. మైనస్ గుర్తుతో, డీబీఎమ్ అనే కొలతతో ఉంటుంది. మైనస్ పక్క అంకె పెద్దదయ్యేకొద్దీ కాంతి తగ్గినట్టు. ఆ అంకె ఎంతో చెప్పండి. వీలైతే మీ స్తంభం మీది డబ్బా నుంచే లైను తీసుకున్న పక్కింటివారి అంకె కూడా అడిగి తెలుసుకోండి.

ఇళ్లకు వచ్చే జీపాన్ రకం ఫైబర్‌లో సాధారణ పరికరం మైనస్ 27 దాకా తట్టుకుంటుంది. మా వరకు మేము మైనస్ 24 లోపల ఉంటేనే పని పూర్తయిందని అనుకుంటాం, ఎందుకంటే వర్షంలో, వేసవిలో అది మరికొంత దిగుతుంది. 3 డీబీ తగ్గితే కాంతి సగమవుతుంది, 10 డీబీ తగ్గితే పదో వంతే మిగులుతుంది.

---

కాకినాడ తెలుగు టీచరు | జూన్ 20, సాయంత్రం 5:30

మాది మైనస్ 28.4. పక్కింటివారిది మైనస్ 18.9.

---

తీగ పట్టిన చెయ్యి | జూన్ 20, సాయంత్రం 6:10

ఒకే డబ్బా నుంచి వచ్చిన రెండు ఇళ్ల మధ్య 9.5 డీబీ తేడా అంటే పక్కింటికి చేరుతున్న కాంతిలో మీకు తొమ్మిదో వంతే చేరుతోంది. లోపం పైన లేదు. ఆ డబ్బా నుంచి మీ గోడ దాకా వచ్చిన తీగలోనే (దాన్ని డ్రాప్ వైరు అంటాం) ఉంది. మధ్యాహ్నం మీ పరీక్ష రెండు క్షణాలు ఆగిపోవడానికి కారణం కూడా ఇదే అయి ఉండాలి.

కొత్త ఫిర్యాదులో ‘వేగం తక్కువ’ అని రాయకండి. ‘కాంతి మట్టం మైనస్ 28.4 ఉంది, అదే డబ్బాలో పక్క ఇంటిది మైనస్ 18.9, డ్రాప్ వైరూ కనెక్టర్లూ చూడాలి’ అని రాయండి. వేగం తక్కువ అంటే రౌటరు ఆపి వెలిగించే మనిషి వస్తాడు. కాంతి తక్కువ అంటే పవర్ మీటరు ఉన్న మనిషి వస్తాడు. వచ్చినవారిని ఎర్ర లేజరు పెట్టి చూడమని అడగండి.

ఇంకొక మాట, నిజాయితీగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కాంతి తక్కువైతే లైను తెగుతూ అతుకుతూ ఉంటుంది, పొరపాట్లు పెరుగుతాయి, కానీ అది గడియారం చూసుకుని రాత్రి ఏడుకే మొదలవ్వదు. దీన్ని సరిచేశాక కూడా రాత్రి బాధ మిగలవచ్చు.

---

పొలం గట్టు | జూన్ 20, రాత్రి 8:45

ఇంత శ్రమ ఎందుకండీ, కంపెనీ మార్చేస్తే పోతుంది కదా. మా రామచంద్రపురంలో నేను అదే చేశాను.

---

కాకినాడ తెలుగు టీచరు | జూన్ 23, రాత్రి 10:00

పొలం గట్టు గారూ, మా వీధిలో ఫైబర్ వేసిన ఆపరేటరు ఒక్కరే ఉన్నారు. మరొక కంపెనీని అడిగితే మా మలుపు దాకా తీగ రాలేదన్నారు. 5జీ పెట్టె పెడతామన్నవారి సిగ్నలు మా మేడ మీద బాగుంది, కింద గదిలో లేదు. మార్చడానికి వీలున్నవారికి మీ సలహా మంచిదే, నాకు ఆ వీలు లేదు.

కాంతి అంకెలతో ఫిర్యాదు ఇచ్చిన మర్నాడే నడివయసు మనిషి ఒకరు పవర్ మీటరుతో వచ్చారు. స్తంభం మీది డబ్బా దగ్గర మైనస్ 18.6 ఉందని నాకు చూపించారు. తర్వాత గది తలుపులు మూసి, లైటు ఆర్పి, తీగ చివర చిన్న కలం లాంటి లేజరు పెట్టారు. బీరువా వెనక, దాని కాలుకూ గోడకూ మధ్య నలిగిపోయిన పసుపుపచ్చ తీగ మీద ఒకచోట ఎర్రని వెలుగు గురివింద గింజంత కనబడింది. వేసవికి ముందు వెల్లలు వేయించి బీరువా మళ్లీ గోడకు జరిపినప్పుడు తీగ దాని కింద పడి మడత పడిపోయిందని అప్పటికి అర్థమైంది. మాకు ఇబ్బంది మొదలైనదీ ఆ రోజుల్లోనే. ఆయన ఆ ముక్క తీసేసి కొత్త ప్యాచ్ కార్డు (రెండు చివర్లా కనెక్టర్లున్న ఫైబర్ తీగ ముక్క) వేశారు, కిటికీ దగ్గర మట్టి పట్టిన ఆకుపచ్చ కనెక్టరును కోసి కొత్తది బిగించారు. ఇప్పుడు మైనస్ 19.6.

ఆయన ఓటీపీ అడిగినప్పుడు, రాత్రి చూసి చెబుతానన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఆ రాత్రి తొమ్మిదికి కొలిస్తే 9 వచ్చింది. మధ్యలో తెగిపోవడం ఆగింది, వేగం మాత్రం రాలేదు. ఏలూరు తమ్ముడు ముందే హెచ్చరించాడు కాబట్టి నిరుత్సాహపడలేదు.

---

ప్యాకెట్ల లెక్క | జూన్ 23, రాత్రి 10:40

ఇప్పుడు మీ ఇల్లు నిర్దోషి అని తేలింది. మిగిలింది మీ ఆపరేటరు దగ్గర నుంచి పైకి వెళ్లే దారి. లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ట్రేసర్ట్’ ఆదేశంతో ఏదైనా పెద్ద వెబ్‌సైటు దాకా దారి చూడండి. ఒక్కొక్క వరుస ఒక్కొక్క మజిలీ, అంటే దారిలోని ఒక యంత్రం. పక్కన ఉన్న అంకెలు అక్కడికి వెళ్లి రావడానికి పట్టిన మిల్లీసెకన్లు. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి తీసి పోల్చండి.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మధ్యలో ఒక మజిలీలో మాత్రమే అంకె పెరిగి, తర్వాతి మజిలీలలో మళ్లీ తగ్గిపోతే అక్కడ లోపం ఉన్నట్టు కాదు. ఆ పరికరం ఇలాంటి ప్రశ్నలకు తీరిక చూసుకుని జవాబిస్తుంది, అంతే. ఒకచోట పెరిగి అక్కడి నుంచి చివరి దాకా ఆ పెరుగుదల అలాగే ఉంటేనే రద్దీ అక్కడ మొదలైనట్టు. వేగం కొలిచే పేజీలో సర్వరును కూడా మార్చి చూడండి. సాధారణంగా అది మీ కంపెనీ సొంత సర్వరునే ఎంచుకుంటుంది, ఆ దారిలో కొన్ని ఇరుకులు కనబడవు.

---

కాకినాడ తెలుగు టీచరు | జూన్ 26, రాత్రి 9:50

రెండు పూటలా తీశాను. ఉదయం: మొదటి మజిలీ 1, రెండోది 3, మూడోది 5, చివరిది 24. రాత్రి: మొదటిది 1, రెండోది 3, మూడోది 176, చివరిది 201. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడే అంతా పెరుగుతోంది, చివరి దాకా తగ్గడం లేదు.

ఇంకొక సంగతి. మా వీధిలో ఇదే కనెక్షన్ ఉన్న ఇళ్లకు నేనే వెళ్లి అడిగాను. పదకొండు ఇళ్లవారూ రాత్రి ఏడు దాటితే ఇదే పరిస్థితి అన్నారు. వారిలో తొమ్మిది మంది ఒక్కసారైనా ఫిర్యాదు ఇవ్వలేదు. ‘అందరికీ అంతేనేమో’ అనుకుని సర్దుకుపోయారు. ఒక నర్సు గారు నైట్ డ్యూటీ లేని రోజుల్లో చదువుకునే వీడియోలను తెల్లవారుజామున నాలుగింటికి లేచి దింపుకుంటున్నారట.

---

తీగ పట్టిన చెయ్యి | జూన్ 27, ఉదయం 6:20

ఇక లెక్క స్పష్టంగా ఉందమ్మా. మొదటి మజిలీ మీ రౌటరు, రెండోది ఆపరేటరు గదిలోని యంత్రం. అక్కడి నుంచి కంపెనీకి వెళ్లే లింకు నిండిపోతోంది. మా లాంటి ఊళ్లలో చాలామంది కేబుల్ ఆపరేటర్లు 1 జీబీపీఎస్ (1000 ఎంబీపీఎస్) లింకు మీద వ్యాపారం మొదలుపెట్టారు. ఒక హెచ్‌డీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ వేసుకుంటే, రెండు వందల ఇళ్లలో ఒకేసారి వీడియో నడిచిందంటే ఆ లింకు పూర్తయిపోయింది. ఇళ్లు వందైనప్పుడు బాగా నడిచినది, నాలుగు వందలయ్యేసరికి రాత్రిళ్లు ఇరుకవుతుంది. అందులోనూ వేసవి సెలవుల్లో పిల్లలందరూ ఇంట్లోనే ఉంటారు.

ఆపరేటరు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. లింకు పెంచాలంటే కంపెనీ ఒప్పుకోవాలి, ఆదాయంలో వాటా కుదరాలి, ఒక్కోసారి యంత్రంలోని పోర్టే మార్చాలి. ఆయన అడిగినా కంపెనీ కదలకపోవచ్చు. అందుకే మీ ఫిర్యాదు ఆపరేటరు దగ్గరే ఆగకుండా కంపెనీకి రాతపూర్వకంగా వెళ్లాలి, పదకొండు ఇళ్ల నుంచి వెళ్లాలి.

---

బీచ్ రోడ్డు | జూన్ 27, ఉదయం 10:30

అడ్డు చెబుతున్నానని అనుకోకండి, కానీ నేను చదివినంతలో బ్రాడ్‌బ్యాండ్ అంటే 2 ఎంబీపీఎస్ ఉంటే చాలని ప్రభుత్వమే నిర్వచించింది. పైగా మన పథకాలన్నింటిలోనూ ‘200 ఎంబీపీఎస్ వరకు’ అని ఉంటుంది. 6 వచ్చినా వాళ్లు మాట తప్పినట్టు కాదని కంపెనీ వాదించవచ్చు.

---

వినియోగదారు పక్షం | జూన్ 27, మధ్యాహ్నం 1:15

వరంగల్‌లో వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిని. బీచ్ రోడ్డు గారు చెప్పిన నిర్వచనం ఉన్నమాట వాస్తవమే. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. కానీ అది ఏ కనెక్షన్‌ను బ్రాడ్‌బ్యాండ్ అని పిలవవచ్చో చెప్పే గీత మాత్రమే. మీరు డబ్బు కట్టి కొన్న పథకానికి అది కొలమానం కాదు. బంగారం అని పిలవడానికి ఒక కనీస స్వచ్ఛత ఉంటుంది, అంతమాత్రాన 22 క్యారట్లకు డబ్బు తీసుకుని ఆ కనీసం ఇస్తే సరిపోదు కదా.

ఇక దారి చెబుతాను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం రెండు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు కంపెనీ ఫిర్యాదుల కేంద్రం. అక్కడ ఇచ్చిన ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ సంఖ్య (ఫిర్యాదు నమోదు సంఖ్య) ఇవ్వాలి. ఆ సంఖ్య లేని ఫిర్యాదు లెక్కలో లేదు, కాబట్టి ఆపరేటరు కుర్రవాడికి వాట్సాప్‌లో చెప్పడంతో ఆగిపోకండి. పరిష్కారం తృప్తిగా లేకపోతే 30 రోజుల్లో అదే కంపెనీలో అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. దానికి రుసుము లేదు. అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి. చాలామంది నేరుగా ట్రాయ్‌కి రాస్తారు, ట్రాయ్ విడివిడి వినియోగదారుల ఫిర్యాదులను పరిష్కరించదు.

దీనితోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయించండి. ఆ తర్వాత కూడా కదలిక లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం వివాదాలు అక్కడికి రావని ఒకప్పుడు కంపెనీలు వాదించేవి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అనే మాట నిర్వచనంలోనే టెలికాం చేరింది. ఐదు లక్షల రూపాయల దాకా ఉన్న వ్యవహారానికి దాఖలు రుసుము కూడా లేదు.

---

కాకినాడ తెలుగు టీచరు | జూన్ 29, రాత్రి 8:20

న్యాయవాది గారికి కృతజ్ఞతలు. బీచ్ రోడ్డు గారు లేవనెత్తిన ‘వరకు’ అనే మాట మీద రెండు రోజులు ఆలోచించాను, ఎందుకంటే ముప్పై నాలుగేళ్లు మాటల అర్థాలే చెప్పి బతికిన మనిషిని. ‘వరకు’ అంటే ఒక హద్దు. హద్దు ఉందంటే అక్కడిదాకా చేరే దారి ఉండాలి. కాకినాడ వరకు టికెట్టు కొన్న ప్రయాణికుణ్ణి ప్రతి రోజూ సామర్లకోటలోనే దించేసి, ‘వరకు’ అన్నాం కదా అంటే ఏ కండక్టరు మాటా చెల్లదు. ఎప్పుడో ఒకనాడు బండి ఆగిపోతే ఎవరైనా సర్దుకుంటారు. రోజూ ఒకే వేళకు, ఒకేచోట ఆగిపోతే అది ప్రమాదం అనిపించుకోదు, అది ఏర్పాటులోని లోపం.

నిన్న పదకొండు ఇళ్లవారమూ మా వరండాలో కూర్చున్నాం. ఒక్కొక్కరి ఫోను నుంచి విడివిడిగా ఫిర్యాదు ఇచ్చి, పదకొండు డాకెట్ సంఖ్యలు ఒక కాగితం మీద రాసుకున్నాం. తర్వాత అందరి సంతకాలతో కంపెనీకి ఉత్తరం పంపాం. అందులోని ముఖ్య భాగం ఇక్కడ పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి:

‘మా ఇళ్లలో కాంతి మట్టం మైనస్ 18 నుంచి మైనస్ 21 మధ్య ఉన్నది. కేబుల్ ద్వారా కొలిచిన వేగం ఉదయం 6 గంటలకు 180 దాటుతున్నది, రాత్రి 9 గంటలకు 10కి లోబడి ఉంటున్నది. రెండవ మజిలీ దాకా ఆలస్యం 3 మిల్లీసెకన్లు, మూడవ మజిలీ నుంచి 170కి పైబడి ఉన్నది. కావున లోపం మా ఇళ్లలో గానీ వీధి తీగలో గానీ లేదని, మా ఆపరేటరు నుంచి మీ కేంద్రానికి వచ్చే లింకులో ఉన్నదని భావిస్తున్నాము. ఆ లింకు సామర్థ్యం, రాత్రి వేళ దాని వినియోగం పరిశీలించి, ఏ తేదీలోగా పెంచుతారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. పరీక్ష రాత్రి 8 నుంచి 10 మధ్యనే జరపవలసిందిగా కోరుతున్నాము.’

---

గుంటూరు నుంచి డాలస్ | జూన్ 30, ఉదయం 6:50

టీచరు గారూ, మీ ఉత్తరం చదివి మా నాన్నగారి చేత కాంతి మట్టం చూపించుకున్నాను. మైనస్ 26.7 ఉంది. ఏడాదిగా నేను వేగం గురించే పోట్లాడాను తప్ప ఈ అంకె ఒకటుందని నాకు తెలియదు. రేపు ఆ మాటతోనే ఫిర్యాదు ఇస్తున్నాం.

---

మేడ మీది గది | జూలై 2, రాత్రి 11:05

డీఎన్ఎస్ గురించి నేను పరీక్షించకుండా రాశాను, క్షమించండి. మా హాస్టల్ గదిలో మాత్రం 94 దగ్గరే ఆగుతున్న కేబుల్ ఒకటి దొరికింది. మార్చాను, ఇప్పుడు 280 వస్తోంది.

---

కాకినాడ తెలుగు టీచరు | జూలై 19, రాత్రి 10:35

ఇన్ని రోజులు రాయనందుకు మన్నించాలి, ఏదో ఒకటి తేలాక రాద్దామని ఆగాను. ఉత్తరం అందిన ఆరో రోజున కంపెనీ నుంచి ఒక ఇంజినీరు ఫోను చేసి, రాత్రి తొమ్మిదింటికి నా చేతనే పరీక్ష చేయించి, లింకు నిండిపోతున్న మాట ఒప్పుకున్నారు. పన్నెండో తేదీ అర్ధరాత్రి గంటన్నర సేపు సేవ ఆపి, రెండో లింకు కలిపారు. మా ఆపరేటరు గారు మర్నాడు స్వయంగా వచ్చి, తాను ఫిబ్రవరి నుంచి అడుగుతూనే ఉన్నానని, పదకొండు డాకెట్లు ఒకే రోజు చేరాకే కదిలారని చెప్పారు. ఆయన మీద నాకున్న కోపం ఆ మాటతో పోయింది.

ఈ వారం రాత్రి తొమ్మిది అంకెలు: 171, 164, 182, 149, 158, 176, 169. మూడో మజిలీ 6 మిల్లీసెకన్లు. మొన్నటి భారీ వర్షంలో కూడా కాంతి మైనస్ 19.9 కంటే దిగలేదు.

డబ్బు సంగతి మాత్రం తేలలేదు. ఒక నెల అద్దె వెనక్కి ఇస్తామన్నారు, మేము రెండున్నర నెలలకు అడిగాం. పదకొండు ఇళ్ల తరఫున జూలై 15న అప్పీలు వేశాం. 39 రోజులంటే ఆగస్టు 23. ఆ తేదీకి ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను, న్యాయవాది గారు అప్పటిదాకా అందుబాటులో ఉండగలరని ఆశిస్తున్నాను.

నిన్నటి పాఠంలో ఆ పాప పద్యం నాలుగు పాదాలూ ఆగకుండా చెప్పింది. చివర ‘విశ్వదాభిరామ’ దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగితే, తీగ తెగిందేమోనని నేను కంగారుపడ్డాను. తెగలేదు, ‘వినురవేమ’ కూడా వినపడింది.